సాగనంపే గిన్నె

పొద్దున్నే లేవగానే సిన్నెవ పొయ్యి జోలికి పోయేది కాదు. ముందు వాకిలి తలుపు తీసి, శాలువ తల మీదుగా కప్పుకుని, గడపలో నిలబడి వాలు మీదున్న ఇళ్ళ పొగగొట్టాల వంక చూసేది. కింద నీళ్ళ ఒడ్డున ఓస్మున్ ఇల్లు, దానికి పైన క్నూట్ వాళ్ళది, వాగు అవతల మారిట్‌ది, కొండ అంచున పెళ్ళి చేసుకోని ముసలి అక్కచెల్లెళ్ళది. ఒక్కో ఇంటి నుంచి పొగ లేస్తుంటే, "ఓస్మున్ లేచాడు, నీకు స్తోత్రం ప్రభువా. క్నూట్ లేచాడు, నీకు స్తోత్రం" అని పెదవుల మీదే అనుకునేది. ఏ ఇంటి పొగైనా ఆలస్యమైతే తన పొయ్యి సంగతి మరిచిపోయి, పాలచెంబు పట్టుకుని మంచులో పడి అక్కడికి వెళ్ళేది. తీరా వెళ్తే ఆ ఇంటివాళ్ళు చాలాసార్లు హాయిగా నిద్రపోతూ ఉండేవాళ్ళు.

"మళ్ళీ వచ్చావా తల్లీ! మనిషిని కాసేపు కళ్ళు మూసుకోనివ్వవు కదా. పోయాననుకున్నావా ఏం?" అని ఓస్మున్ దుప్పట్లోంచే అరిచేవాడు.

"అనుకున్నాను మామా. పాలు ఇక్కడ పెడుతున్నా. పోకపోతే తాగు."

ఆమెకు స్తోత్రం చెప్పడం ఊపిరి పీల్చడం లాంటిది. గడ్డి తడవకుండా ఇంటికి చేరితే స్తోత్రం, కోడిపెట్ట గుడ్డు దాచకుండా ఎదురుగా పెడితే స్తోత్రం. చర్చికి వెళ్ళే దారిలో కూర్చోవడానికి వీలుగా ఉన్న బండరాయికి కూడా ఓ మంచిమాట చెప్పేది. భర్త ఐవిండ్ నవ్వేవాడు. "కుట్టి వదిలేసినందుకు దోమకి కూడా దణ్ణం పెట్టేట్టున్నావే సిన్నీ!"

అలాంటి మనిషి నోరు మూసుకోవలసి వచ్చిన చోటు ఒక్కటే ఉంది. అది బీరు పులియడానికి వేసే తోడు దగ్గర.

సిన్నెవ పుట్టిల్లు సముద్రపాయకు ఆవలి ఒడ్డున, రాళ్ళు తప్ప మరేమీ పండని చోట. అక్కడ పండగైనా పబ్బమైనా పులిసిన మజ్జిగ తేటే. ఐవిండ్‌ను చేసుకుని ఈ ఒడ్డుకు వచ్చాకే ఆమె బీరు కాయడం చూసింది. ఈ వాలు మీద కూడా అది రోజూ తాగేది కాదు. క్రిస్మస్‌కి, గడ్డికోతలకి, పెళ్ళికి, బాప్తిస్మానికి, చావుకి కాచేవాళ్ళు. అత్తగారు బ్రీతా నేర్పింది. బార్లీని గోనెసంచిలో కట్టి వాగులో నానేసి, మొలక రాగానే పొగ మీద ఆరబెట్టాలి. జూనిపర్ పొద కొమ్మలు వేసి మరిగించిన నీళ్ళలో ఆ మొలకగింజల పిండిని కలిపి, దిగిన తీపి నీటిని రాగి కాగులో కాచి, కొయ్య తొట్టిలో పోసి చల్లారనివ్వాలి. అప్పుడే పితికిన పాలంత వెచ్చగా ఉన్నప్పుడు తోడు వెయ్యాలి. వేస్తూ గట్టిగా కేక పెట్టాలి. కేక ఎంత బలంగా ఉంటే బీరు అంత హుషారుగా పొంగుతుందని నమ్మకం. బ్రీతా కేకకి అవతలి ఒడ్డున కుక్కలు మొరిగేవట.

చిన్న చిన్న కొయ్యముక్కలను ఒకదానిలో ఒకటి చెక్కి గుచ్చిన దండ ఒకటి ప్రతి ఇంటి కొట్టుగదిలోనూ వేలాడేది. పొంగే బీరు మీది నురగలో ఆ దండను ముంచి ఆరబెడితే, పైన కట్టిన తెట్టే మళ్ళీసారికి తోడు. ఎవరింట్లోదైనా పులిసి చెడిపోతే చెంబు పట్టుకుని పక్కింటికి వెళ్ళడమే. సిన్నెవ కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారి తోడు చెడిపోతే, ఆమెను వాగు అవతలి ఇంటికి పంపారు. ఆ ఇంటి పెద్దావిడ చెంబు నింపి ఇచ్చింది. సిన్నెవ ఊరుకుంటుందా!

"మీ మేలు మరిచిపోలేనండీ, దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి."

పెద్దావిడ చెంబు లాక్కుని, అందులోది మళ్ళీ తన కుండలో ఒంపేసుకుంది. "ఓసి పిచ్చిదానా! తోడు పుచ్చుకుని ఎవరైనా ‘మీ మేలు’ అంటారా? చచ్చిపోతుంది. గేటు దాకా పో. నోరు కుట్టేసుకుని మళ్ళీ రా."

సిన్నెవ గేటు దాకా వెళ్ళి, పెదాలు బిగించుకుని తిరిగొచ్చి, చెంబు అందుకుని, తల కూడా ఊపకుండా ఇంటికి పోయింది. ఆ ఏడాదంతా ఆమె కనబడితే చాలు, వాలు మీది వాళ్ళు పెదాలు బిగించి చూపించేవాళ్ళు. తోడు ఎవరి సొత్తూ కాదు, ఇచ్చినవాళ్ళు కూడా ఒకనాడు పుచ్చుకున్నవాళ్ళే, దానికి కృతజ్ఞత చెప్తే ఇచ్చిపుచ్చుకోవడం అక్కడితో తెగిపోయినట్టు, అని అత్తగారు తర్వాత చెప్పింది. సిన్నెవకు ఆ మాట నచ్చింది. బయటికి చెప్పకూడదన్నారు గానీ లోపల అనుకోకూడదని ఎవరూ అనలేదు కదా!

బీరు సంగతి ఒకటి, సారా సంగతి ఒకటి. మామగారి చిన్నతనంలో ఇంటింటికీ బంగాళదుంపల సారా బట్టీ ఉండేదట. తర్వాత చట్టం వచ్చి బట్టీలు పోయాయి గానీ, దాహం పోలేదు. రేవులో డబ్బు పెడితే సీసా దొరికేది. వాగు అవతలి ఇంటి కొడుకు తార్యే చేపల పడవల మీద పనికి పోయి అది అలవాటు చేసుకున్నాడు. మంచివాడే. తాగనప్పుడు పిల్లలకి కొయ్యగుర్రాలు చెక్కి ఇచ్చేవాడు. ఒక శరత్కాలంలో రేవు నుంచి ఒంటరిగా పడవ వేసుకుని బయల్దేరాడు. పడవ ఒడ్డుకి వచ్చింది, అతను రాలేదు. నీళ్ళు అతని శవాన్ని ఒడ్డుకి చేర్చాక, భార్య మారిట్ ఇంట్లో బీరు కాయనివ్వలేదు. సమాధికి వచ్చినవాళ్ళకి కాఫీ పోసింది.

ఈ వాలు మీద శవపేటిక లేచే ముందు సాగనంపే గిన్నె తిరగాలి. ఒకే కొయ్యగిన్నె. మోసేవాళ్ళూ ఇరుగుపొరుగూ వరసగా అందుకుని, పోయినవాళ్ళ గురించి ఒక మంచిమాట చెప్పి, ఒక గుక్క తాగి పక్కవాళ్ళకి ఇస్తారు. గిన్నె ఖాళీ అయ్యాకే పేటిక ఇంటి గేటు దాటుతుంది. తార్యే పేటిక ఒక్కమాట లేకుండా దాటింది. అందరూ కాఫీ కప్పుల్లోకి చూస్తూ నిలబడ్డారు.

ఆ చలికాలంలోనే బడిలో మద్యపాన వ్యతిరేక సంఘం మీటింగు పెట్టారు. ఒట్టు పెట్టుకోమంటే మారిట్ మొదట లేచింది. ఆమె మొహం చూశాక మిగతావాళ్ళు కూర్చోలేకపోయారు. ఒక్కో ఇల్లూ ఒట్టు పెట్టి, తోడు పారబోసింది. ఓస్మున్ తనది పందుల తొట్టిలో ఒంపాడు. "ఆ సాయంత్రమంతా అవి కీర్తనలు పాడాయి, నేనే వినలేక చెవులు మూసుకున్నా" అని చెప్పుకునేవాడు.

ఐవిండ్, సిన్నెవ మాత్రం ఒట్టు పెట్టుకోలేదు. బడి మెట్ల దగ్గర ఐవిండ్ మెల్లగా అన్నాడు. "సారా వేరు, మన గింజ వేరు మారిట్."

"తార్యే మొదట తాగింది మీ ఇంటి బీరే ఐవిండన్నా" అంది మారిట్.

ఐవిండ్ టోపీ సర్దుకుని మెట్లు దిగాడు. ఆ తర్వాత సిన్నెవ క్రిస్మస్‌కి ఒక్క చిన్న తొట్టి కాచేది. కేక కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పెట్టేది. ఆ రెండిళ్ళ మధ్య పాలూ గడ్డికోతలూ ఎప్పటిలాగే నడిచాయి గానీ, బీరు మాట మాత్రం వాగు దాటలేదు. అలా ఏళ్ళు గడిచాయి.

అరవై దాటాక ఒక డిసెంబరులో ఐవిండ్‌కి రొమ్ము పట్టేసింది. వాళ్ళకి పిల్లలు లేరు. సిన్నెవ మంచం పక్కనే ఉండి, మరిగే నీళ్ళలో గుడ్డలు ముంచి పిండి రొమ్ము మీద వేసేది. చేతులు ఎర్రగా ఉబ్బిపోయాయి. ఆయన ఊపిరి దొరికినప్పుడల్లా పరాచికాలే.

"నన్ను కాఫీ పోసి పంపకే సిన్నీ. పైకెళ్ళాక నిద్ర పట్టదు."

"ఏం మాటలవి?"

"నిజంగానే చెప్తున్నా. గిన్నె తిరగనీ. ఒట్టు పెట్టుకున్నవాళ్ళు తాగక్కర్లేదు, పట్టుకుంటే చాలు. తార్యే అలా వెళ్ళాడే అని నాకు ఇప్పటికీ మనసులో ఉంది. మాట ఇయ్యి."

ఆమె మాట ఇచ్చింది. మంగళవారం తెల్లవారుతుండగా ఆయన పోయాడు. ఆ పొద్దున సిన్నెవ తలుపు తీసి పొగల వంక చూడలేదు గానీ, ఆమె పొయ్యి పొగ రాకపోవడం నాలుగిళ్ళవాళ్ళూ చూశారు. అందరికంటే ముందు వాగు దాటి వచ్చింది మారిటే, పాలచెంబుతో.

సమాధి శనివారం అని పాస్టరుగారు కబురు పంపారు. బీరు పొంగి తేరడానికి రెండు రోజులు చాలు. బుధవారం సిన్నెవ ఇంట్లో ఉన్న ఆఖరి మొలకగింజలు తీసి కాగు ఎక్కించింది. నీళ్ళు మోయడానికి క్నూట్ వచ్చాడు, కట్టెలు కొట్టడానికి ఓస్మున్ వచ్చాడు. ఒట్టు సంగతి ఎవరూ ఎత్తలేదు. సాయంత్రానికి తొట్టిలో చెయ్యి పెట్టి చూసింది. పాల వెచ్చదనమే అనిపించింది. ఐవిండ్ కోసం బాగా పొంగాలని, ఎప్పుడూ చేసినట్టు కొంచెం గోకి వెయ్యకుండా, దండ మొత్తం అందులో ముంచేసింది. కేక పెట్టబోతే గొంతు రాలేదు.

గురువారం పొద్దున దుప్పటి తొలగించి చూస్తే తొట్టి నిశ్చలంగా ఉంది. ఒక్క బుడగ లేదు. చెవి ఆనించి విన్నది. పేటిక పక్కన ఎంత నిశ్శబ్దమో ఇక్కడా అంతే. అప్పుడు తన చేతుల వంక చూసుకుంది. అన్ని రోజులూ మరిగే గుడ్డలు పిండిన చేతులు. వాటికి వేడి తెలియడం మానేసింది. కాలే నీళ్ళని పాలనుకున్నాయి. ఇంట్లో ఉన్న తోడంతా అందులో ఉడికి చచ్చిపోయింది.

 ఆ తీపి నీళ్ళు రేపటికి పులిసిపోతాయి. మళ్ళీ కాయడానికి గింజ లేదు. రేవు అంగడికి తోడు తెచ్చే పడవ పండగ దాటితేగానీ రాదు. చెంబు పట్టుకుని బయటపడింది.

"నా దగ్గరెక్కడిదమ్మా, పందులకి పోశాగా!" అన్నాడు ఓస్మున్. ఈసారి నవ్వలేదు. పందుల మాట ఎత్తినందుకు తన మీద తనకే కోపం వచ్చినట్టు గొడ్డలి పక్కన పడేశాడు. క్నూట్ భార్య కొట్టుగది అంతా వెతికింది. దండ దొరికింది, ఎలుకలు కొరికేసిన ఉత్త కొయ్యముక్కలు. కొండ అంచున అక్కచెల్లెళ్ళు తమది సంఘంవాళ్ళ ఎదుటే పొయ్యిలో వేశామని చెప్పి, ఆమెను కూర్చోబెట్టి, చేతులకి వెన్న రాసి పంపారు.

మిగిలింది వాగు అవతలి ఇల్లు. అక్కడ అడగడానికి ఏముంది? తోడు అందరికంటే ముందు పారబోసింది ఆవిడ. అడగడం కాదు, ఆ ఇంట్లో బీరు మాటెత్తడమే పుండు మీద చెయ్యి వెయ్యడం. సిన్నెవ వాగు మీది పలక దగ్గర ఆగిపోయింది. చెంబు శాలువ కింద దాచుకుంది. "ప్రభువా, ఆవిడ మనసు నొప్పించకుండా ఇంటికి తిరిగొచ్చేటట్టు చెయ్యి" అనుకుంది గానీ, కాళ్ళు ముందుకే నడిచాయి. ఇచ్చిన మాట అలాంటిది.

మారిట్ పిండి కలుపుతోంది. తల ఎత్తి చూసింది.

"శాలువ కింద ఏంటక్కా?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే చెంబు ఆకారం ఎందుకుంది?"

సిన్నెవ చెంబు తీసి బల్ల మీద పెట్టింది. జరిగింది చెప్పింది. చేతుల సంగతి చెప్పేటప్పుడు మాత్రం వాటిని శాలువలోకి లాక్కుంది. "అడగకూడదని తెలుసు మారిట్. నీ దగ్గర లేదని కూడా తెలుసు. ఎక్కడికి పోవాలో తోచక వచ్చాను."

మారిట్ చాలాసేపు పిండి చేతులు దులుపుకుంటూనే ఉంది. తర్వాత గోడ వారనున్న పిండిపెట్టె తెరిచి, అడుగున్న నార గుడ్డ మూట తీసింది. విప్పితే లోపల గోధుమరంగు పొలుసులు.

"కుండలోది పారబోశాను. అందరూ చూశారు. కుండ మీది గుడ్డకి అంటుకున్నది పారేయడానికి చెయ్యి రాలేదు. మా అత్త చేతిది కదా. క్రిస్మస్ రొట్టెకి వాడుకుని, కాస్త మళ్ళీ గుడ్డ మీద ఆరబెట్టుకుంటున్నా. ఇన్నేళ్ళుగా మీరంతా నా రొట్టె మెత్తగా ఉందని మెచ్చుకుంటుంటే నాకు ముద్ద దిగేది కాదు."

సిన్నెవ కళ్ళు నిండిపోయాయి. నోరు తెరిచింది.

"నోరు ముయ్యి!" అని గద్దించింది మారిట్. "ఒక్క మాటన్నావంటే ఇదీ చస్తుంది."

సిన్నెవ రెండు చేతులతో నోరు మూసుకుంది. 

మారిట్ మూట ఇచ్చి పంపేస్తుందనుకుంది సిన్నెవ. కానీ ఆవిడ కండువా కట్టుకుని వెంట వచ్చింది. తీపి నీళ్ళు మళ్ళీ కాచి తొట్టిలో పోశారు. సిన్నెవ అలవాటుగా చెయ్యి చాపితే, మారిట్ ఆమెను భుజంతో పక్కకి నెట్టింది. "ఆ చేతులకి సెలవు. జరుగు." చొక్కా చెయ్యి పైకి మడిచి మోచెయ్యి ముంచింది. "ఇంకా లేదు" అంది. కాసేపాగి మళ్ళీ ముంచింది. "ఇంకా లేదు." చివరికి ఏమీ అనకుండా పొలుసులు నలిపి చల్లింది.

కేక ఎవరు పెట్టాలి? ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంతలో గుమ్మంలో కట్టెలు దించుతున్న ఓస్మున్ ఛాతీ నిండా గాలి పీల్చి, ఇల్లదిరేలా అరిచాడు. కొట్టంలో ఆవులు లేచి నిలబడ్డాయి.

"మామా, నువ్వు ఒట్టు పెట్టుకున్నావు కదా!" అంది మారిట్.

"తాగనని పెట్టా. అరవనని పెట్టలేదు."

చీకటి పడేలోపే తొట్టి లోంచి చిటపట వినబడింది. పొయ్యి మీద కొవ్వు కరుగుతున్నట్టు ఆ చప్పుడు. సిన్నెవ పేటిక దగ్గరికి వెళ్ళి, "వినబడుతోందా?" అని ఐవిండ్‌ని అడిగింది.

శనివారం మంచు ఆగింది. వాకిట్లో కర్రల మీద పేటిక, చుట్టూ జనం. గిన్నె క్నూట్‌తో మొదలైంది. అతను తాగలేదు, పట్టుకుని, "నా గొడ్డు బురదలో దిగబడితే పెళ్ళిబట్టలతో దిగి లాగాడు" అన్నాడు. ఓస్మున్ గిన్నె వంక ప్రేమగా చూసి, వాసన పీల్చి, "నా జోకులకి నవ్వినవాడు ఈయనొక్కడే, ఇక నాకు పనిలేదు" అన్నాడు. పాస్టరుగారు అడగకుండానే అందుకుని ఒక గుక్క తాగి, తన గుర్రానికి ఐవిండ్ ఏ చలికాలమూ గడ్డి తక్కువ చెయ్యలేదన్నారు. గిన్నె మారిట్ దగ్గరికి వచ్చింది. ఆవిడ పక్కకి ఇచ్చేస్తుందనుకున్నారు. ఇవ్వలేదు. రెండు చేతులా పట్టుకుని నిలబడింది.

"తాగి పడిపోయిన తార్యేని నీళ్ళ ఒడ్డు నుంచి ఈయన వీపు మీద మోసుకొచ్చేవాడు. ఎన్నిసార్లో చెప్పలేను. పిల్లలు లేవకుండా మేజోళ్ళతో లోపలికొచ్చి పడుకోబెట్టి, బూట్లు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయేవాడు. మర్నాడు దారిలో కనబడితే, వాన ఎప్పుడొస్తుందో మాట్లాడేవాడు. బడి మెట్ల దగ్గర నేనన్న మాటకి ఈయన ఏం జవాబు చెప్పొచ్చో నాకు తెలుసు. చెప్పలేదు."

 మారిట్ గిన్నె సిన్నెవకి ఇచ్చింది. సిన్నెవ మిగిలింది తాగి, గిన్నె బోర్లించింది. మగవాళ్ళు పేటిక ఎత్తారు.

మర్నాడు చర్చి అయ్యాక, సిన్నెవ తొట్టి మీద మిగిలిన చిక్కటి నురగని చెంబులోకి తీసింది. ఆ నురగలో ముంచాల్సిన దండ కొట్టుగదిలో వేలాడుతోంది. దాని వంక ఒకసారి చూసి, ముట్టుకోకుండా చెంబుతో వాగు దాటింది. మారిట్ గుమ్మంలోనే ఎదురైంది.

"ఇచ్చిన తోడు మళ్ళీ ఇస్తున్నావా? దానికేం తొందర?"

"ఇవ్వడానికి రాలేదు, అడగడానికి వచ్చాను" అంది సిన్నెవ. చెంబు ఆవిడ చేతిలో పెట్టి, ఆ చేతుల మీద తన చేతులు ఉంచింది. "దీన్ని మా కొట్టులో వేలాడదీస్తే నాతోపాటే పోతుంది. నీ పిండిపెట్టెలో ఉండనీ. నువ్వు తాగక్కర్లేదు, కాయక్కర్లేదు, రొట్టే చేసుకో. ఈ వాలు మీద ఎవరింటి నుంచైనా పేటిక లేవాల్సి వస్తే, చెంబు పట్టుకుని నీ గుమ్మంలోకి వస్తారు. ఎందుకని అడక్కుండా నింపి పంపు. నీకు ఎంత కష్టమో తెలిసే అడుగుతున్నాను మారిట్. ఈ ఒక్కటీ చేసిపెట్టవూ?"